నీళ్ళ కూటం

ఆదివారం సాయంత్రం మెస్సులో పొయ్యి వెలగదు. వంటవాళ్ళకు ఆ పూట సెలవు. కోలారు పక్కనున్న యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో ఆ ఒక్క పూట వంట పిల్లలదే. మెస్సు వెనక పాత వంటింట్లో మూడు గ్యాసు పొయ్యిలున్నాయి, మూడు కూటాలున్నాయి. కిటికీ దగ్గరి పొయ్యి పట్టుపురుగులు మేపే ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలది, దాన్ని రేష్మె కూటం అంటారు. గోడవారగా ఉన్నది బీజాపూరు వైపు పిల్లల జొన్నరొట్టె కూటానిది. తలుపు పక్కనున్న పెద్దది మైన్స్ కూటానిది, అంటే బంగారు గనుల కూలి ఇళ్ళ లైన్లలో పుట్టి పెరిగిన పిల్లలది. ఎవరి పొయ్యి మీద వాళ్ళ ఇంటి వంట ఉడుకుతుంది, ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకుంటారు. ఏ కూటమూ లేనివాళ్ళు కొట్టుగది కిటికీ దగ్గర బ్రెడ్డు, అరటిపండు తీసుకుని గదికి పోతారు.

ఆ సాయంత్రం మైన్స్ పొయ్యి దగ్గర క్లారా కీమా ఉండలు చుడుతోంది. ఎం.కాం. రెండో ఏడు. ఆ కూటానికి పెద్ద. అరచేతికి నూనె రాసుకుని, నిమ్మకాయంత కీమా తీసుకుని, పగులు లేకుండా చుట్టి, మరిగే మసాలాలోకి జారవిడుస్తోంది. ఉండలు పడ్డాక ఎవరినీ గరిటె పెట్టనివ్వదు. గిన్నె రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని ఊపాలి, అంతే. చనువుగా గరిటె అందుకోబోయిన ఒక పిల్ల చేతిమీద చిన్నగా ఒకటి వేసింది కూడా.

మైన్స్ కూటంలో చేరడానికి ఒక పద్ధతి ఉంది. కొత్తపిల్ల గడప మీద నిలబడి తన తాత ఏ షాఫ్టులో, అంటే ఏ గని బావిలో, దిగాడో, ఇల్లు ఏ లైన్లో ఉందో చెప్పాలి. చెప్పగానే లోపలున్నవాళ్ళు చెంచాలతో కంచాలు వాయిస్తారు. అప్పుడు లోపలికి వచ్చి కూర్చోవచ్చు. వీళ్ళంతా గనులు మూతపడ్డాక పుట్టినవాళ్ళే. అయినా షాఫ్టుల పేర్లు మేనమామల పేర్లంత చనువుగా వాళ్ళ నోట్లో ఆడతాయి.

"ఏ షాఫ్టు?" అడిగింది క్లారా, వెనక్కి తిరగకుండానే.

"హెన్రీ షాఫ్టక్కా. మా తాత రాళ్ళు పేల్చే మందు పెట్టేవాడు. ఇల్లు ఊరిగాం."

కంచాలు మోగాయి. ఆ పిల్ల సిగ్గుపడుతూ లోపలికి వచ్చింది. తర్వాతి పిల్ల గిఫర్డ్ షాఫ్టు అంది. మళ్ళీ మోగాయి. మూడోసారి ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి క్లారా తిరిగి చూసింది.

గడప మీద పొట్టి పిల్ల ఒకతె నిలబడి ఉంది. బిగించి అల్లిన జడ, మోచేతులదాకా పైకి తోసుకున్న స్వెటరు. క్లారా స్నేహితురాలు షెరిన్ గదిలో ఈ మధ్యనే చేరిన అమ్మాయి. పేరు నయన.

"షాఫ్టు లేదక్కా" అంది నయన. "మాది బేతమంగళం."

"బేతమంగళంలో షాఫ్టు తవ్వితే మాకు చెప్పనే లేదే" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

నయన కూడా నవ్వింది. "తవ్వలేదు. చెరువుండాది గదా. మా తాత ఆదినారాయణప్ప అక్కడ పంపుహౌసులో పని చేసినాడు. మీ లైన్లకు నీళ్ళు పంపింది ఆయనే."

"ఒక్కడే పంపినాడా?"

"ఇంగా ఉండారు. వాళ్ళ మనవరాళ్ళు ఎవురూ ఇక్కడ చేరలా. అందుకని నేనే వచ్చినాను."

ఈసారి నవ్వు ఇంకా గట్టిగా లేచింది. ఒకరిద్దరి చేతులు చెంచాల మీదికి పోయాయి కూడా. క్లారాకూ నవ్వు వచ్చింది. కాని గిన్నె ఊపుతూ ఊపుతూ ఆ నవ్వును మింగేసింది. తను ఈ హాస్టలుకు వచ్చిన మొదటి వారంలో, మెస్సు వరసలో, వెనకనుంచి ఎవరో "గుంతల్లోనుంచి వచ్చినోళ్ళు" అన్నారు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఈ పొయ్యి సంపాదించింది, ఈ గడప సంపాదించింది. ఒక్కరిని అట్లా రానిస్తే రేపు ఇంకొకరు వస్తారు. మైన్స్‌కు పాలు పోసినవాళ్ళమంటారు, కట్టెలు తోలినవాళ్ళమంటారు. అప్పుడు ఇది మళ్ళీ మెస్సు వరసే.

"చూడు నయనా" అంది మెత్తగానే. "నువ్వు మంచిదానివే. కానీ ఇది మైన్స్ వాళ్ళది. రేష్మె కూటంలో అడిగినావా?"

"అడిగినాను. మీ ఇంట్లో చంద్రికెలు ఎన్ని ఉండాయని అడిగినారు. పురుగులు గూడు కట్టుకునే తట్టలు మాకెందుకుంటాయక్కా? మేము టమేటా పెట్టేవాళ్ళం."

"సరే, ఇంత తిని పో." క్లారా ఒక కంచంలో పసుపన్నం పెట్టి, పైన రెండు కీమా ఉండలు వేసి, గరిటెడు పులుసు పోసి చాపింది.

నయన కంచం అందుకోలేదు. గడప దిగింది.

"అన్నానికి రాలేదక్కా" అంది. మాటలో కోపం లేదు. బస్సు తప్పిపోయినవాళ్ళు ఎంత మామూలుగా చెబుతారో అంత మామూలుగా చెప్పి, కొట్టుగది వైపు పోయింది.

కంచం క్లారా చేతిలోనే ఉండిపోయింది. షెరిన్ దాన్ని తీసుకుని, తలొంచుకుని, తనే తింది. ఆ రాత్రి కీమా ఉండల బాల్ కర్రీ బాగానే కుదిరింది. ఒక్క ఉండా విరగలేదు. అయినా ఎవరూ రెండోసారి అడగలేదు.

మర్నాడు పొద్దున కాలేజీకి పోయే దారిలో, నోటీసు బోర్డు దగ్గర పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. ఎగ్జామ్ ఫీజు సంగతేమోనని క్లారా తొంగి చూసింది. పరీక్ష కాగితం సగానికి చింపి, నీలం పెన్నుతో రాసి అంటించి ఉంది. కన్నడలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

"నీళ్ళ కూటం. పెద్ద: నయన. కూటంలో ఉన్నవాళ్ళు: నయన. వచ్చే ఆదివారం పెరట్లో పితికిపప్పు, సంగటి."

అడుగున ఇంకో చేతిరాతలో ఎవరో "నెయ్యి ఉంటుందా?" అని రాశారు. దానికింద నయన రాతలోనే జవాబు ఉంది: "ఉంటుంది."

క్లారా తిన్నగా వార్డెను గదికి పోయింది. వార్డెను నేత్రావతి మేడం అప్పుడే చలికి మఫ్లరు చుట్టుకుని టీ ఊదుకుంటోంది.

"మేడం, ఒక్కమనిషితో కూటమేంది మేడం?"

"కూర్చోమ్మా" అంది నేత్రావతి. "నువ్వే కదా అడిగినావు. కూటం పెట్టాలంటే ఇంతమంది ఉండాలని నేనంటే, ఎంతమందైనా సరే అని ఈ కుర్చీలోనే కూర్చుని నాతో గంటసేపు జగళం ఆడినావు. అప్పుడు మీరు ఎంతమంది?"

అప్పుడు తనూ షెరినూ, ఇద్దరే.

"పొయ్యి లేదు గదా మేడం నాలుగోది."

"ఆ పిల్ల గ్యాసు అడగలేదు. బట్టలుతికే రాయి దగ్గర మూడు రాళ్ళు పెట్టుకుంటుందంట. మామిడి కట్టెలు వాళ్ళ నాన్న తెస్తాడంట. బూడిద తనే ఎత్తుతుందంట. నేను ఏమని వద్దనాల, చెప్పు?" టీ ఒక గుక్క తాగి, "పితికిపప్పు అంటే నాకూ ప్రాణమే" అంది.

మధ్యాహ్నం బట్టల రాయి దగ్గరే నయన కనిపించింది. గోడ పక్క పడిఉన్న రాళ్ళను ఒక్కొక్కటే కాలితో దొర్లించి చూస్తోంది. ఒకటి ఎత్తి పెట్టి, దూరంగా జరిగి, తల పక్కకు వంచి చూసి, మళ్ళీ తీసేసింది. కుండ పెట్టినా కుదుపు లేకుండా ఉండే మూడు రాళ్ళు దొరకడం అంత తేలిక కాదు. చుట్టూ కాఫీ రంగు మట్టి, తడి ఆరని బట్టల నీడలు.

"మా మీద కోపంతో చేస్తా ఉండావా ఇదంతా?" అంది క్లారా.

"కోపమేంటికక్కా? మీరు పెట్టుకున్నారు, బాగుండాది. నేనూ పెట్టుకున్నాను."

"కూటమంటే ఆటనుకున్నావా? నాకు ఇక్కడ మావాళ్ళు కావల్ల. మా మాట, మా తిండి, మా లైన్ల కతలు తెలిసినవాళ్ళు. ఎవురొచ్చినా రానిస్తే అది మెస్సవతాది గానీ కూటం కాదు."

నయన ఒక రాయి మీద కూర్చుని దాని కుదురు చూసింది. "నాకు ఆదివారం మెస్సు కూడా లేదు గదక్కా."

క్లారాకు చిరాకు వచ్చింది. "నీ కూటంలో ఎవురు చేరతారు? బేతమంగళం పిల్లలు ఇంకెవురుండారు?"

"బేతమంగళం వాళ్ళే కావల్లని రాయలేదే. ఆ నీళ్ళు తాగినోళ్ళు ఎవురైనా రావచ్చు." రాయి నచ్చింది. దాన్ని రెండు చేతులా పొట్టకు ఆనించి ఎత్తుకుంటూ అంది: "కొంచెం ఆ పక్క పట్టుకో అక్కా, బరువుగా ఉండాది."

అడిగిన తీరు అట్లా ఉంది, క్లారా చేతులు వాటంతట అవే పోయి పట్టుకున్నాయి. ఇద్దరూ కలిసి దాన్ని మిగతా రెండింటి పక్కన దించారు. దించాకగాని, తను ఎవరి పొయ్యికి రాయి మోసిందో క్లారాకు తెలియలేదు.

ఆ వారమంతా హాస్టల్లో అదే మాట. మైన్స్ పిల్లలు మెస్సులో కూర్చున్నప్పుడు, షెరిన్ ఏమీ తెలియనట్టు, "మా అవ్వ ఎప్పుడూ బేతమంగళం నీళ్ళ రుచి అంటా ఉంటాది" అంది. ఇంకో పిల్ల "మా ఇంట్లోనూ అదే మాట" అంది. క్లారా గ్లాసు చప్పుడయ్యేలా కింద పెట్టింది. "వచ్చే ఆదివారం మనం పంది మాంసం విందాలు కూర చేస్తా ఉండాము. షెరిన్, నువ్వు ఉల్లిగడ్డలు కోసి పెట్టు. నేను శనివారం ఇంటికి పోయి మసాలా, మాంసం తెస్తాను."

"సరే" అంది షెరిన్. ఆ సరే అన్న తీరు క్లారాకు నచ్చలేదు.

శనివారం ఆమె బస్సుకు బయలుదేరేటప్పటికి, గేటు దగ్గర ఒక పాత మోపెడ్డు ఆగి ఉంది. దాని వెనక నిండుగా అనపకాయల గోనె, ముందర కట్టెల మోపు. నయన నాన్న శివరాజ్ హెల్మెట్టు తీయకుండానే తాళ్ళు విప్పుతున్నాడు. మంచులో పెరిగిన కాయ. గోనె మూతి విప్పగానే ఆ సొగడు, ముట్టుకుంటే చేతికి జిడ్డుగా అంటుకునే ఆ పచ్చి వాసన, గేటంతా కమ్ముకుంది. వాచ్‌మన్ కుర్చీలోనుంచి లేచి వచ్చి ఒక కాయ వలిచి నోట్లో వేసుకున్నాడు. క్లారా ముక్కు తిప్పుకోవాలని చూసింది. కుదరలేదు.

రాబర్ట్‌సన్‌పేటలో దిగేసరికి బజారంతా క్రిస్మస్. కాగితం నక్షత్రాలు దుకాణాల ముందు గుత్తులుగా వేలాడుతున్నాయి. క్లారా దాల్చినచెక్క, లవంగాలు, వెనిగరు కొనుక్కుని, ఆదివారం పొద్దుటికి మాంసం చెప్పిపెట్టి, ఆటోలో చాంపియన్ గని దగ్గరి వాళ్ళ లైనుకు చేరింది. వరసగా ఒకే కప్పు కింద ఇళ్ళు, వెనకాల బంగారం తీసేసిన మట్టి పోసిన తెల్లటి సైనైడ్ దిబ్బ. ఇంటి ముందు తాత అమోసు వెదురు బద్దలు చీల్చుకుంటూ కూర్చున్నాడు. ఏటా నక్షత్రం ఆయనే కడతాడు. బజారులో కొన్నది ఆయనకు ఆనదు.

"క్లారా, కన్నూ, ఆ దారం పట్టుకో" అన్నాడు ముద్దుగా, ఎట్లా వచ్చావని కూడా అడక్కుండా.

ఆమె దారం పట్టుకుంది. ఆయన రెండు బద్దలను అడ్డంగా పెట్టి, దారం నాలుగు చుట్లు చుట్టి, పంటితో తెంపాడు. క్లారా జరిగినదంతా చెప్పింది. బేతమంగళం పిల్ల గడప మీద నిలబడటం, షాఫ్టు అడగటం, నోటీసు, మూడు రాళ్ళు. రాయి తను మోసిన సంగతి మాత్రం చెప్పలేదు. తాత తన పక్కే మాట్లాడతాడని ఆమెకు నమ్మకం.

అమోసు బద్ద కింద పెట్టాడు. మెల్లగా నవ్వు మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఏంది తాతా?"

"షాఫ్టు పేరు చెపితేనే కూడు పెడతారా మీరు? నేను దిగినాను గానీ, నువ్వెప్పుడు దిగినావు?"

"నీ పేరే గదా చెప్పేది."

"చెప్పుకో, చెప్పుకో. నాకేమి నష్టం?" కళ్ళు తుడుచుకున్నాడు. "ఆదినారాయణప్పా? నాకు తెలీదు. నీళ్ళు మటుకు తెలుసు. షిఫ్టు అయి పైకి వచ్చినాక ఇంటికి కూడా పోకుండా, అదో, ఆ మూల కొళాయి కింద తల పెట్టేవాడిని. మీ అవ్వ బిందె పట్టుకుని వరసలో నిలబడి, నేను తల ఎప్పుడు తీస్తానా అని తిడతా ఉండేది."

ఆయన చూపించిన మూలలో ఇప్పుడు కొళాయి లేదు. సిమెంటు దిమ్మె మీద ఎవరిదో బైకు పెట్టి ఉంది.

"నేను కూడా తాగినానా తాతా ఆ నీళ్ళు?"

"నువ్వా?" అమోసు ఇంకో బద్ద అందుకున్నాడు. "యాడ తాగినావు? నువ్వు పుట్టేటప్పటికి మన లైనుకు ఆ కొళాయి ఎండి ఎన్నాళ్ళో. ట్యాంకరు నీళ్ళు తెచ్చి నీకు బాప్తిస్మం ఇచ్చినారు. పాస్టరయ్య బిందెలోకి తొంగి చూసి, ఇది దేవుడికి సరిపోతాది గానీ కాఫీకి సరిపోదు అన్నాడు."

క్లారా నవ్వింది. నవ్వుతూనే బద్ద అంచు గట్టిగా పట్టుకుంది, వేలికి గీసుకుంది. చిన్న గీతే. తాత చూడకముందే నోట్లో పెట్టుకుంది.

"ఆ పాప ఏం వండతా ఉండాది?" అడిగాడు అమోసు.

"పితికిపప్పంట."

"సంగటితోనా?"

"సంగటితోనే."

ఆయన కాసేపు వెదురు చీల్చాడు. "మనకు రాదు అది. మీ అవ్వ చెయ్యాలని చూసి పప్పంతా గంజి చేసినాది." ఇంకో బద్దకు దారం చుట్టాడు. "డబ్బా ఏమన్నా తీసుకుపోతా ఉండావా నువ్వు? వచ్చేటప్పుడు కొంచెం పట్టుకురా."

"తాతా, నేను దాంతో పోట్లాడతా ఉండాను."

"పోట్లాడు. డబ్బా తీసుకుపొమ్మంటే పోట్లాడొద్దని అన్నానా?"

ఆదివారం మాంసం పొట్లం, మసాలా సంచీ పట్టుకుని క్లారా హాస్టలుకు వచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా వాలుతోంది. వంటింట్లో అడుగుపెట్టింది. రేష్మె కూటం వాళ్ళ పొయ్యి మీద పులుసు కుతకుతలాడుతోంది. బీజాపూరు పిల్లలు ఇద్దరు రొట్టెలు తడుతున్నారు, టపటపమని. తలుపు పక్కన మైన్స్ పొయ్యి చల్లగా ఉంది. గట్టు మీద ఉల్లిగడ్డలు తరిగి, మూత పెట్టి ఉన్నాయి. షెరిన్ మాట తప్పలేదు. కానీ షెరిన్ లేదు. ఎవరూ లేరు.

పెరట్లోనుంచి నవ్వులు వినిపించాయి. అవి ఎవరి నవ్వులో చూడకుండానే తెలుసు ఆమెకు.

క్లారా సంచీలు గట్టు మీద పెట్టి, పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. మూడు రాళ్ళ మీద మట్టికుండలో నీళ్ళు మరుగుతున్నాయి. మామిడి కట్టె పొగ తక్కువగా, మంట ఎర్రగా. పక్కన చాప. చాప మీద మైన్స్ కూటం మొత్తం. మధ్యలో రాత్రి నానబెట్టిన అనపగింజల బేసిను. ఒక్కో గింజా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే, తోలు వేళ్ళల్లో మిగిలి, పప్పు చప్పున జారి గిన్నెలో పడుతుంది. రానివాళ్ళు నొక్కితే పప్పు ఎటు పోతుందో దేవుడికే తెలుసు. షెరిన్ జుట్టులో ఒకటి ఉంది. ఊరిగాం పిల్ల కళ్ళద్దాలకు ఒకటి అంటుకుని ఉంది. వాళ్ళు నవ్వుతున్నది దానికే.

చాపకు ముందర ఒక ఇటుక పెట్టి ఉంది. గడప బదులు.

నయన ముంజేతులదాకా రాగిపిండితో కుండ దగ్గర ఉంది. క్లారాను చూసింది. నవ్వులు ఒకటొకటిగా ఆగాయి. షెరిన్ చేతిలో గింజ అట్లాగే పట్టుకుని, "ఉల్లిగడ్డ కోసి పెట్టినాను క్లారా" అంది. గింజను బేసినులోకి జారవిడిచి, "ఏం చేసేది, సొగడు పై అంతస్తుదాకా వచ్చింది" అంది.

పోవచ్చు. వంటింట్లో మాంసం ఉంది, పొయ్యి ఉంది. ఒక్కతే అయినా వండుకోవచ్చు. ఒక్కమనిషి కూటం ఉండవచ్చునని ఈ వారమే తేలింది కూడా. క్లారా ఆ ఇటుకను చూసింది. వీళ్ళంతా దానిమీద నిలబడి ఏం చెప్పి ఉంటారో ఆమెకు తెలుసు. బేతమంగళం నీళ్ళు తాగానన్న ఆ ఒక్క మాట తనూ చెబితే సరిపోతుంది. తప్పట్లు కొడతారు, చోటిస్తారు, ఇక ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఆమె చెప్పులు విడిచి ఇటుక ఎక్కింది. చిన్న ఇటుక. రెండు పాదాలూ పట్టలేదు.

నయన పిండి చేతులు అట్లాగే పైకి పట్టుకుని, నవ్వకుండా అడిగింది. "మీ ఇంట్లో నీళ్ళు యాడినుంచి వచ్చేవక్కా?"

"మా తాతకు బేతమంగళం నుంచి వచ్చేవి" అంది క్లారా. "నాకు రాలేదు. నేను ఒక్క చుక్క కూడా తాగలేదు. నిన్ననే కనుక్కున్నాను. ట్యాంకరు నీళ్ళతో నాకు బాప్తిస్మం ఇచ్చినారంట."

ఊరిగాం పిల్ల మెల్లగా కళ్ళద్దాలు తీసి తుడుచుకోసాగింది.

"ఏ, నువ్వు దిగు ముందు" అంది షెరిన్. "మేమంతా అబద్ధం చెప్పి కూర్చున్నాము. మా ఇంట్లోనూ బోరు నీళ్ళే."

"మావీ ట్యాంకరే" అంది ఇంకో పిల్ల.

"మా అవ్వ తాగింది. నేను తాగినానో లేదో నాకేం తెలుసు" అంది ఊరిగాం పిల్ల, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో.

నయన అందరినీ వరసగా చూసింది. మొహంలో ఏమీ తెలియలేదు. క్లారా ఇటుక మీదే నిలబడి ఉంది. పోయిన ఆదివారం తను గిన్నె ఊపుతూ ఉన్నప్పుడు ఆ గడప మీద నిలబడటం ఎట్లా ఉండి ఉంటుందో, ఇప్పుడు పాదాలకు తెలుస్తోంది.

నయన చేతులు కడుక్కుని గోడ వారకు పోయింది. అక్కడ తడిగుడ్డ చుట్టిన ప్లాస్టిక్ క్యాను ఒకటి ఉంది. నిన్న ఆమె నాన్న కట్టెలతోపాటు తెచ్చినది. సంగటికి ఇంటి నీళ్ళే పోయాలని అమ్మ పంపిందంట. చెరువు కట్ట కిందనున్న వాళ్ళ బావి నీళ్ళు. స్టీలు గ్లాసు నిండా వంచి, తెచ్చి క్లారా చేతికిచ్చింది.

క్లారా తాగింది. చల్లగా ఉన్నాయి. తాత చెప్పినంత రుచేమీ తెలియలేదు. కొంచెం మట్టి, కొంచెం ఇనుము. అయినా గ్లాసు ఖాళీ అయ్యేదాకా దించలేదు.

"ఇంగ తాగినావు గదా" అంది నయన. "కూర్చో."

చెంచాలు లేవు. షెరిన్ బేసిను అంచు మీద కొట్టింది. అందరూ చేతికి అందినదాన్ని కొట్టారు. ఆ చప్పుడు తగ్గేలోపల నయన చాప చుట్టూ తిరిగి ఒక్కొక్కరికీ గ్లాసు నింపి ఇచ్చింది. తాగినవాళ్ళు మూతి తుడుచుకుని, పరీక్ష గట్టెక్కినట్టు గాలి వదిలారు.

"క్లారక్కా, నీకు పితకడం వస్తాదా?" అడిగింది నయన.

"చూపియ్యి."

"నొక్కు, తొయ్యద్దు. నొక్కు అంతే."

క్లారా నొక్కింది. పప్పు ఎగిరి నయన చెంపకు కొట్టుకుంది. "కీమా ఉండలకు ఎవుర్నో చేతిమీద కొట్టినావంట గదా" అంది నయన, చెంప తుడుచుకుంటూ. "ఇప్పుడు నేను నిన్ను కొట్టాల్సింది."

"కొట్టు."

"చేతులు ఇప్పుడే కడుక్కున్నాను, లేకుంటే కొట్టేదాన్నే."

తర్వాత చాలాసేపు వేళ్ళే ఆడాయి. గిన్నెలో పప్పు ఆకుపచ్చగా పేరింది. నయన మరిగే నీళ్ళల్లో పిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో గుంత చేసి, ఉడకనిచ్చింది. సంగటి కెలికేటప్పుడు కుండ కదలకుండా పట్టేవాళ్ళు కావాలి. క్లారా లేచి, గోనెగుడ్డ చేతికి చుట్టుకుని, రెండు పక్కలా పట్టుకుంది. నయన ఒళ్ళంతా వంచి కట్టె తిప్పింది. రాళ్ళు కదలలేదు. మసాలాకు దాల్చినచెక్క తక్కువైతే షెరిన్ వంటింట్లోకి పరుగెత్తి, గట్టు మీది క్లారా సంచీలోనుంచి అడక్కుండానే తెచ్చింది. మాంసం ఫ్రిజ్‌లో పెట్టి వచ్చింది కూడా.

నేత్రావతి మేడం మఫ్లరు చుట్టుకుని, మూత ఉన్న డబ్బాతో వచ్చి, ఇటుక పక్కనుంచి నడిచి వచ్చేసింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె డబ్బాను చూసి క్లారా నాలుక కరుచుకుంది. తను డబ్బా తేవడం మరిచిపోయింది. తాత డబ్బా అడిగిన సంగతి విని నయన, కూర అంతా అయ్యాక ముందుగా ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టింది. "నువ్వు పోయేటప్పుడు తీసుకుపో అక్కా, తాతకు. సంగటి మాత్రం అక్కడే కెలకమను, చల్లారితే బాగుండదు."

"ఆయనకు రాదు."

"అయితే ఆయన్నే పిలుచుకురా."

చీకటి పడకముందే సంగటి ముద్దలు కంచాల్లోకి వచ్చాయి. నడుమ గుంత చేసి నెయ్యి పోశారు. మొదటి ముద్ద మింగి, షెరిన్ కళ్ళు మూసుకుని ఏదో తమిళంలో గొణిగింది. ఎవరికీ అర్థం అడగాల్సిన పని లేకపోయింది.

అప్పుడు పెరటి తలుపు దగ్గర నీడ కదిలింది. బీజాపూరు పిల్లలిద్దరు. చేతుల్లో గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెల దొంతర. ఇటుక అవతలే ఆగారు. వాళ్ళ ఊరి నీళ్ళకూ ఈ చెరువుకూ ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. "రొట్టె తెచ్చినాము" అని మాత్రం అంది పెద్దపిల్ల, కన్నడలో, ఎవరినీ చూడకుండా.

చాప మీదివాళ్ళు నయన వైపు చూశారు. నయన నోట్లో ముద్ద ఉంది.

క్లారా కంచం పక్కన పెట్టింది. లేచి, ఎంగిలిచెయ్యి కడుక్కుని, చున్నీకి తుడుచుకుంది. గోడ వారనున్న క్యాను దగ్గరికి పోయి, అడుగున మిగిలిన నీళ్ళను రెండు గ్లాసుల్లోకి సమంగా వంచింది.